ఎగిరేవి తినవు

మా అత్తయ్య రఫ్ఫు చేసిన కోటొకటి తెచ్చి మీ చేతిలో పెడతాను. కన్నం ఎక్కడుండేదో చూపించండి చూద్దాం. మీ వల్ల కాదు. ఆ కోటు ఏళ్ళ తరబడి తొడుక్కుంటున్న మనిషి వల్లే కాదు. కోటు లోపలి మడతలోంచి దారం లాగి, ఒక పోగు కిందనుంచి, ఒక పోగు మీదనుంచి పోనిచ్చి, పోయినచోట మళ్ళీ బట్ట నేస్తుంది ఆవిడ. "అతుకులేసేవాళ్ళు వేరే ఉన్నారు, అక్కడికెళ్ళండి" అని వచ్చినవాళ్ళ మొహమ్మీదే అనేది. గొప్పలు చెప్పుకోవడంలో మా అత్తయ్యకి సాటి లేదు. కాకపోతే ఆ గొప్పలు నిజం, అదే నాకు ఒళ్ళుమంట.

ఇప్పుడు మా దుకాణంలో ఒక్క కోటూ లేదు. వీధిలో ఆవిడ గురించి తలా ఒక మాట అంటున్నారు. పక్కనున్న చేపల దుకాణం ఆయనైతే పిచ్చి పట్టిందనే తేల్చేశాడట. అననీ. జరిగింది ఆయనకేం తెలుసు? నేను చెబుతాను వినండి.

మాది రెండు గదుల దుకాణం. ముందుగదిలో కిటికీ కింద బల్ల, బల్ల మీద సూదుల డబ్బా, గోడ పొడుగునా బిగించిన కర్రకి వేలాడే ఊళ్ళోవాళ్ళ కోట్లు, శాలువాలు. వెనకగదిలో మా కాపురం. మంచాలు, స్టవ్వు, అత్తయ్య మంచం కింద ఆకుపచ్చ రంగు రేకుపెట్టె. పెట్టె తాళంచెవి ఎప్పుడూ ఆవిడ మెడలోనే, నల్లదారానికి. మా ఊళ్ళో ఏడాదిలో సగం చలే. ఊరంతా ఉన్ని తొడుక్కుంటుంది, ఊరందరి ఉన్నినీ పురుగు కొడుతుంది, అందుకని మా స్టవ్వు వెలుగుతుంది.

ఎవరు ఏ బట్ట తెచ్చినా అత్తయ్య ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది. తర్వాత కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, కన్నాలు ఎక్కడెక్కడ పడ్డాయో చూసి, ఆ మనిషి జాతకం చెప్పేసేది. "మీవారు భోజనం సగం ఒడిలో పోసుకుంటారల్లే ఉందే" అని ఒక లాయరుగారి భార్యతో అంటే, పాపం ఆవిడ ఎర్రగా కందిపోయింది. ఇంకొకాయనతో, "కుర్చీలో ఎడమవైపుకి ఒరిగి నిద్రపోతారు కదూ? ఆ భుజం మీద మీ తలనూనె అంటింది, పురుక్కి విందు" అంది. ఆయన నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. నాకు నవ్వు ఆగక వెనకగదిలోకి పారిపోయాను.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆ విద్య నాకూ చెప్పింది, అడక్కపోయినా.

"పురుక్కి ఉన్నంటే ఇష్టమనుకుంటారే అందరూ. ఉత్త ఉన్ని పెట్టి చూడు, గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు బతికి బట్టకట్టదు. దానికి జిడ్డు కావాలి. మనిషి మెడ దగ్గర జిడ్డు, చంకలో చెమట, ఒలికిన వెన్న, మాంసం కొవ్వు. కాస్త పెద్దదయ్యాక ఉత్త ఉన్నినీ నములుతుందనుకో, కానీ ముందు పోయేది కొవ్వున్న చోటికే."

"మరి ఈ ఎగిరే చిమ్మెటలో?" అన్నాను. బియ్యపుగింజంత, గోధుమరంగు రెక్కలవి, మీరూ చూసే ఉంటారు.

"వాటికి నోరే లేదే పిచ్చిదానా. పేరుకి ఉంటుంది కానీ పనిచెయ్యదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న కొవ్వంతా ఒంట్లో దాచుకుని, దాని మీదే బతికి, గుడ్లు పెట్టి చస్తాయి. ఎగిరేవి తినవు. ఎగిరేదాన్ని చూశావంటే తినాల్సింది ఎప్పుడో తినేసిందన్నమాట. ఇంకోటి విను. నీ కళ్ళ ముందు ఎగిరేవన్నీ దాదాపు మగవే. గుడ్లు పెట్టేది బరువుకి ఎగరలేదు. చీకట్లో నడుచుకుంటూ పోతుంది."

నేను చప్పున కాళ్ళు పైకి లాక్కున్నాను. మా ఆయన మాత్రం పగలబడి నవ్వాడు. "మా అమ్మ కొత్తకోడళ్ళందర్నీ ఇలాగే బెదరగొడుతుంది" అన్నాడు, ఆవిడకేదో డజనుమంది కోడళ్ళున్నట్టు.

మా ఆయన బేకరీలో పనిచేసేవాడు. వెన్నబల్ల ఆయనది. చల్లటి గదిలో నిలబడి, పిండి పరిచి, దాని మీద వెన్న పరిచి, మడిచి మళ్ళీ పరచడం. పొద్దస్తమానం మోచేతుల దాకా వెన్నే. స్నేహితులు వెన్నబ్బాయి అని పిలిచేవాళ్ళు, నేనూ కోపమొచ్చినప్పుడు అలాగే పిలిచేదాన్ని. ఆ చల్లగదిలో తొడుక్కోవడానికి అత్తయ్య బూడిదరంగు ఉన్నితో ఒక స్వెటర్ అల్లి ఇచ్చింది. దాని చేతులు మడుచుకుని, పొట్ట బల్లకి ఆనించి పనిచేసేవాడు. ఇంటికొచ్చాక ఆయన మెడలో మొహం పెడితే వెన్న, చెమట, పులిసిన పిండి, అన్నీ కలిసిన వాసన వచ్చేది. ఆ వాసన పక్కనుంటే తప్ప నాకు నిద్రపట్టేది కాదు.

నిరుడు చలికాలం జ్వరమని పడుకున్నాడు. ఊపిరితిత్తులకి పాకిందన్నారు. ఆస్పత్రికి నడిచి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అంటుజబ్బు, ఇంట్లో ఆయన వాడినవన్నీ ఉడకబెట్టండి అని నర్సు గట్టిగా చెప్పింది. చొక్కాలు, దుప్పట్లు, దిండుగలీబులు, అన్నీ ఉడకబెట్టాం. అన్నీ సబ్బు వాసనే. ఆ తర్వాత ఎప్పుడో బేకరీ మేస్త్రి కాగితంలో చుట్టి ఆ స్వెటర్ తెచ్చిచ్చాడు. పనిగదిలో మేకుకి తగిలించి ఉండిపోయిందట.

అత్తయ్య కాగితం విప్పింది. వాసన గుప్పుమంది, అంతే, మా ఆయన గదిలోకి వచ్చేశాడు. మేమిద్దరం చెరోవైపు పట్టుకుని గోడుగోడున ఏడ్చాం. లోకంలో ఆయన వాసన మిగిలిన వస్తువు అదొక్కటే. ఉతకాలా వద్దా అని మేం ఒక్కమాటా అనుకోలేదు. అనుకోవాల్సిన అవసరం రాలేదు.

చూశారా మరి! ఉతక్కుండా ఉన్ని దాచకండి, దాచకండి అని ఊరంతటికీ నోరు నొప్పెట్టేలా చెప్పే మనిషి, వెన్నా చెమటా పట్టిన స్వెటర్‌ని అలాగే మడిచి రేకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

"కలరా ఉండలు వేద్దామా అత్తయ్యా?" అనడిగాను.

"వేస్తే వాడి వాసన మిగుల్తుందా?"

"పోనీ అప్పుడప్పుడు ఎండలో..."

"ఎండ లాగేస్తుందే."

"చేపలాయన ఐసుపెట్టెలో కొన్నాళ్ళు పెడితే గుడ్లు చస్తాయని మీరే కదా చెప్పారు?"

"నా కొడుకు చేపల కంపు కొట్టాలా?" అని కయ్యిమంది.

ఆవిడ చెప్పిందీ నిజమే. పురుగుని ఆపే ఏ మందైనా ముందు ఆయన్ని తుడిచేస్తుంది. అలా వదిలేస్తే పురుగు ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు. ఇదీ మా పరిస్థితి.

రోజూ పొద్దున్నే టీ కంటే ముందు పెట్టె తెరిచేవాళ్ళం. ముందు ఆవిడ, తర్వాత నేను. ఆవిడ ఎక్కువసేపు ముక్కు పెట్టుకుంటే నాకు ఉడుకుమోత్తనం వచ్చేది. అంత గాఢంగా పీల్చేస్తే నాకేం మిగులుతుంది అనిపించేది. సిగ్గులేకుండా ఒకరోజు అనేశాను కూడా. ఆవిడ కోప్పడలేదు, ఆ మర్నాటినుంచి నన్నే ముందు చూసుకోమంది. అంత మంచితనం ఆవిడ దగ్గర నేనెప్పుడూ చూడలేదు, నాకు భయం వేసింది.

వాసన తగ్గుతూ వచ్చింది. "వస్తోందా?" అని ఆవిడ అడిగేది. "వస్తోంది, మీకు?" అనేదాన్ని. "ఆఁ, బాగానే." ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు.

ఆ రోజుల్లోనే ఇంట్లో వెన్న అయిపోవడం మొదలైంది. మేమిద్దరం పిట్టల్లా తింటాం, అది ఎటు పోతోందో అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం ఊలు కొనడానికి వెళ్ళి, కొట్టు మూసేసి ఉంటే వెంటనే తిరిగొచ్చాను. వెనకగదిలో అత్తయ్య నేలమీద కూర్చుని ఉంది. ఒళ్ళో స్వెటర్. పక్కన గిన్నెలో వెన్న. చిటికెనవేలితో కొంచెం కొంచెం తీసి చేతుల అంచులకి రాస్తోంది, రాసి వాసన చూస్తోంది.

"మతి పోయిందా మీకు? మీరు చేస్తున్నదేమిటో మీకు తెలుస్తోందా? పురుక్కి విస్తరేసి వడ్డిస్తున్నారా?" అని అరిచేశాను.

ఆవిడ లేవలేదు. "మణికట్టు దగ్గర పూర్తిగా పోయిందే. నిన్నట్నుంచి రావట్లేదు. ఇంట్లో వెన్న రాస్తే ఆ వాసన రాలేదు, ఇది బేకరీ వెన్నే, వాడి బల్ల మీదది, మేస్త్రిని అడిగి తెచ్చుకున్నా. కాస్త రాస్తే చాలు. ఇటు రా. నువ్వే చూడు."

తిట్టాలనే వెళ్ళాను. ఒంగి ముక్కు పెట్టాను. ఆయనే. పని నుంచి వచ్చి నా చుట్టూ చెయ్యి వేసినప్పటి ఆయనే. నా మొహంలో ఏం కనపడిందో, అత్తయ్య తలాడించి గిన్నె మీద మూత పెట్టింది.

ఆ సాయంత్రం ఆవిడే ఒక నిర్ణయానికొచ్చింది. "ఇక వెన్న రాయను. కానీ రోజూ తెరవడం కూడా మానేద్దాం. తెరిచిన ప్రతిసారీ గాలికి కాస్త పోతోంది. మళ్ళీ చలికాలం వచ్చేదాకా దాచుకుందాం." నాకూ సబబుగానే తోచింది. రోజూ దులిపి తిరగేసే బట్టకి పురుగు రాదని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పిన మనిషి ఆవిడ. అది విని విని చెవులు చిల్లులు పడినదాన్ని నేను. ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. తాళం వేసి, పెట్టెని మంచం కింద గోడ దాకా తోసేసింది.

చలి విరిగి, కిటికీ తలుపులు తెరిచే రోజులొచ్చాయి. నాటకాల్లో పాడే ఒక పాటగాడి పొడుగు నల్లకోటు మాకు పనికి వచ్చి ఉంది. అత్తయ్య దాని జేబు రఫ్ఫు చేస్తుంటే మొదటి చిమ్మెట వచ్చింది. బల్ల చుట్టూ తడబడుతూ ఎగిరింది. అత్తయ్య సూది పళ్ళమధ్య పెట్టుకుని రెండు చేతులతో చప్పున కొట్టింది. అరచేతిలో బంగారు రంగు పొడి మిగిలింది.

"కోటుతో వచ్చింది. నాటకాలవాళ్ళ బట్టలింతే" అంది.

తర్వాత ఇంకోటి. ఆ తర్వాత స్టవ్వు దగ్గరొకటి. అత్తయ్య నడుం బిగించింది. కోట్లన్నీ వీధిలోకి మోయించింది, దులిపించింది, కాలర్లు తిరగేసి బ్రష్షు కొట్టించింది, ఆవిరిపెట్టెతో ఇస్త్రీ చేయించింది. ఊలు బుట్టలు బోర్లించింది. నేలచెక్కల సందుల్లో సూదులు గుచ్చి చూసింది. నా పరుపు కూడా విప్పదీసింది. నా తలప్రాణం తోకకొచ్చింది. ఎక్కడా ఏమీ లేదు. చూడనిది ఒక్కటే.

"పెట్టె కూడా చూసేద్దాం అత్తయ్యా."

"పెట్టె జోలికి రాకు. రేకుపెట్టె అది. గాలి కూడా దూరదు."

"మూత మూల వంకర పోయింది కదా."

"నే చెప్పానుగా దూరదని!"

అంతలా అరిచిన మనిషి ఆ రోజంతా తాళంచెవిని పిడికిట్లో పట్టుకునే కూర్చుంది.

మర్నాడు ఊడుస్తుంటే ఆవిడ మంచం కిందనుంచి ఒక చిమ్మెట బయటికొచ్చింది. చీపురు తగిలినా ఎగరలేదు. పొట్ట లావుగా ఉంది. రెక్కలు దగ్గరగా ముడుచుకుని, నేలచెక్క అంచు పట్టుకుని, ముందుగది వైపు గబగబా నడుస్తోంది. తలెత్తి చూస్తే, మంచం పైన గోడకి పురుగులు గూళ్ళతో సహా పాకి అతుక్కుని ఉన్నాయి. తినడం పూర్తయిన పురుగు అలాగే తిండిని వదిలేసి గోడెక్కుతుంది. తను తిన్న ఉన్ని పోగులతోనే ఒంటి చుట్టూ గూడు అల్లుకుంటుంది. తిన్నది నల్లకోటైతే గూడు నల్లగా ఉంటుంది. ఎరుపైతే ఎర్రగా. గోడ మీదివన్నీ బూడిదరంగువే.

ఒక గూడు గిల్లి తీసుకెళ్ళి అత్తయ్య బల్ల మీద పెట్టాను.

ఆవిడ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. గది అవతల వేలాడే కోటు చూసి, ఇవతల బుట్టలోంచి అదే ఛాయ దారం చూడకుండా లాగగలిగిన మనిషి ఆవిడ. ఆ గూడుని కిటికీకి ఎత్తి చూసింది, దించి చూసింది.

"నల్లదే ఇది. కోటుదే" అంది.

"అత్తయ్యా."

"నా కళ్ళు మసకబారాయి కానీ, నల్లదేనే."

ఇంకేం అనను? తెరిస్తే తెలిసిపోతుంది. తెరవనంతసేపూ స్వెటర్ అక్కడ నిండుగా ఉన్నట్టే. నిజం చెప్పొద్దూ, నాకూ తెరవాలని లేదు.

పాటగాడు కోటు కోసం వచ్చాడు. మంచి మనిషి, జేబు చూసి ఎంతో మెచ్చుకున్నాడు. తొడుక్కోబోతూ కాలర్ దగ్గర ఆగాడు. మెడ వెనక, అతని చర్మం ఆనే చోట, అప్పుడే కొట్టినట్టు సన్నటి కన్నాలు.

"ఇది నేనిచ్చినప్పుడు లేదండీ" అన్నాడు మెల్లిగా.

ముప్పై ఏళ్ళలో ఆ మాట మా దుకాణంలో ఎవరూ అనలేదు. అత్తయ్య అతని చేతిలోంచి కోటు తీసుకుని కూర్చుంది. అతను ఎదురుగా నిలబడి ఉండగానే కాలర్ నేసి ఇచ్చింది. ఎప్పట్లా దబాయించలేదు, తగువు పడలేదు. అతను వెళ్ళగానే వీధి తలుపు గడియ పెట్టి, మెడలోంచి నల్లదారం తీసింది.

మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి వెనకగది దాకా వెలుతురు పడుతోంది. పెట్టె బయటికి లాగాం. తాళం తిప్పి మూత ఎత్తింది. చిమ్మెటల గుంపు లేస్తుందనుకుని నేను వెనక్కి జరిగాను. ఏదీ లేవలేదు. మడిచిన స్వెటర్ పైకి నిక్షేపంగా ఉంది. ఒక్క క్షణం నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పైకి కనిపించేది వీపు భాగమని తర్వాత తట్టింది.

అత్తయ్య రెండు చేతులూ కింద పెట్టి లేపింది. వీపు మాత్రమే లేచింది. మిగతాది పొడిపొడిగా పెట్టెలో రాలిపోయింది. కాలర్ లేదు. చేతుల అంచుల్లేవు, వెన్న రాసినచోట ఒక్క పోగు కూడా లేదు. చంకల్లేవు. పొట్ట దగ్గర, బల్లకి ఆనుకునే ఆ అడ్డపట్టీ అంతా పోయింది. ఆయన ఎక్కడెక్కడ ఉన్నాడో అక్కడంతా తినేశాయి. ఆయన తగలని ఉన్ని మాకు వదిలాయి.

అత్తయ్య ఆ వీపుముక్కకి ముక్కు ఆనించింది. చాలాసేపు పీల్చింది.

"ఉన్ని. ఉత్త ఉన్ని" అంది.

నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "నెయ్యండి అయితే! ఊరందరికీ నేస్తారుగా! కన్నం ఎక్కడుందో కనపడకుండా నేస్తారుగా! నెయ్యండి ఇప్పుడు!"

"దేంతో నెయ్యనే?" అంది ఆవిడ. నన్ను నిజంగానే అడిగినట్టు అంది.

పెట్టె అంచుమీంచి ఒక చిమ్మెట ఆవిడ మణికట్టు మీదికి నడిచి వచ్చింది. లావుపాటి పొట్టది. నేను చెయ్యెత్తాను. దాన్ని నలిపెయ్యాలనే. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగవే. దీనికి నోరు లేదు. బయటికొచ్చాక ఇదేమీ తినలేదు. దీని ఒంట్లో ఉన్నదంతా ఈ పెట్టెలో తిన్నదే."

"అయితే?"

"అయితే ఏంటే? వాడే కదా. వాడి జిడ్డే కదా అది. ఇంకెక్కడుంది చెప్పు?"

ఆవిడ పెట్టెలోకి వంగింది. పొడిలో సన్నటి తెల్లటివి, కంటికి ఆనీ ఆననివి, మెదులుతున్నాయి. అప్పుడే గుడ్లు పగిలిన పిల్లపురుగులు.

"వీటికిక ఇక్కడేం లేదు. ఉత్త ఉన్ని మీద బతకవు ఇంత పసివి" అంది.

నిలబడి తన ఒంటిమీది స్వెటర్ తలమీంచి లాగేసింది. చలికాలమంతా విప్పకుండా తొడుక్కున్నది, మెడ దగ్గర నల్లగా జిడ్డు తేలింది. దాన్ని పెట్టెలో పరిచింది, కాలర్ పైకి వచ్చేలా. మంచంలో పసిపిల్లని పడుకోబెట్టినంత నెమ్మదిగా సర్దింది. సర్ది, నా వైపు చెయ్యి చాపింది.

"నీదివ్వు."

పక్కగదిలో ఊళ్ళోవాళ్ళ కోట్లన్నీ వేలాడుతున్నాయి. వీటిని బతకనిస్తే అవేవీ బతకవు. మా పనీ, మా పేరూ బతకవు. అవన్నీ నాకు తెలుసు. మనసులో మాట అనెయ్యకుండా ఉండలేనిదాన్ని, వద్దని ఒక్కమాట అనొచ్చు. పెట్టెలో ఉన్నదంతా స్టవ్వులో పోసి తగలెయ్యొచ్చు. ఆవిడ మణికట్టు మీద చిమ్మెట కదలకుండా కూర్చుని ఉంది. దాన్నే చూస్తూ నా స్వెటర్ గుండీలు విప్పాను. మెడ దగ్గర జిడ్డు సరిపడా ఉందో లేదో తిప్పి చూసి, ఆవిడ చేతికిచ్చాను.